నూనెలో మునగని వడ

సాయంత్రం బడి వదిలే వేళకు మన ఊళ్ళ సెంటర్లలో బజ్జీల బండి దగ్గర గుంపు చేరుతుంది. మూకుడులో నూనె సలసల కాగుతుంటుంది. శనగపిండిలో ముంచిన మిరపకాయ అందులో పడగానే చుయ్‌మని బుడగలు లేస్తాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఈ దృశ్యం చూడని విద్యార్థి ఉండడు. అయితే ఆ బుడగలు ఏమిటి? బజ్జీలోకి నూనె ఎప్పుడు దూరుతుంది? అసలు నూనెలో ముంచకుండా కరకరలాడే వడ చెయ్యటం సాధ్యమేనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే వంటింట్లో జరిగే భౌతిక శాస్త్రమూ రసాయన శాస్త్రమూ చాలా వరకు అర్థమైనట్లే. పైగా మీ ఆరోగ్యానికి పనికివచ్చే వంటకం ఒకటి మీ చేతికి వస్తుంది.

మన రేగడి పంట

ముందుగా శనగ సంగతి చూద్దాం. ఇది చలికాలపు పంట. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు నెలల్లో నల్లరేగడి నేలల్లో విత్తుతారు. రేగడి మట్టి వాన నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఆ తేమతోనే మొక్క పెరిగి, చలికాలం ముగిసేలోగా కోతకు వస్తుంది. వేరు బుడిపెలలో ఉండే రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. అందువల్ల పత్తికి, మిరపకు వేసినంత ఎరువు దీనికి అక్కరలేదు.

ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు, పత్తి వేసిన పొలాలు చాలా వరకు 1990ల చివరి నుంచి శనగకు మారాయి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ తోడ్పాటుతో వచ్చిన జేజీ 11 వంటి దేశవాళీ రకాలు, కేఏకే 2 వంటి కాబూలీ రకాలు తక్కువ కాలంలో చేతికి వచ్చేవి కావటమే ఇందుకు ముఖ్య కారణం. గోధుమరంగు తోలుతో చిన్నగా ఉండేవి దేశవాళీ శనగలు. తెల్లగా పెద్దగా ఉండేవి కాబూలీ శనగలు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 25 గ్రాముల పీచు పదార్థం ఉంటాయి. తోలు తీసి పప్పు చేస్తే పీచు సుమారు 15 గ్రాములకు పడిపోతుంది. ఆ పప్పును మరపట్టిందే శనగపిండి. అంటే బజ్జీ తిన్నప్పుడు శనగలోని పీచులో కొంత ముందే పోగొట్టుకుని, దాని బదులు నూనె పుచ్చుకుంటున్నామన్న మాట! గింజను తోలుతో సహా తినే మార్గం ఏదైనా ఉందా? ఉంది. దానికోసం ఒకసారి పడమటి దేశాల వైపు చూడాలి.

మన వడకు దూరపు చుట్టం

గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళివచ్చినవారిని అడగండి. అక్కడ వీధి దుకాణాల్లో ‘ఫలాఫెల్’ అనే చిరుతిండి అమ్ముతారని చెబుతారు. పాలస్తీనా, లెబనాన్, సిరియా దేశాల్లో దీన్ని కాబూలీ శనగలతో చేస్తారు. ఈజిప్టులో ఫావా అనే పెద్ద చిక్కుడు జాతి గింజలతో చేసి ‘తామియా’ అంటారు. గింజలను నానబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర, ధనియాలు చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బి, ఉండలు చేసి నూనెలో వేయిస్తారు. రొట్టెలో పెట్టుకుని, నువ్వుల ముద్దతోనో పెరుగుతోనో తింటారు.

ఇది చదివిన వెంటనే మీకు మసాలా వడ గుర్తుకు రావాలి! ప్రకాశం పల్లెల్లో చేసే అలసంద వడ అయితే దీనికి మరీ దగ్గర. రుబ్బే తీరు ఒకటే, వేసే దినుసులు ఇంచుమించు ఒకటే. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు చోట్ల జనం ఒకే పద్ధతి అవలంబించారంటే ఆ పద్ధతిలో ఏదో శాస్త్రం ఉండి ఉండాలి. అదేమిటో చూద్దాం.

నానబెట్టాలి, ఉడకబెట్టకూడదు. ఎందుకు?

వడ చెయ్యటానికి మీ అమ్మగారు పప్పును ఎప్పుడైనా ఉడకబెట్టారా? లేదు. నానబెట్టి పచ్చిగానే రుబ్బుతారు. ఉడికిన శనగలు మెత్తగా ఉంటాయి కాబట్టి వాటితో వడ చెయ్యటం ఇంకా సులభం కావాలి కదా! అయినా ఉడికిన గింజను రుబ్బి నూనెలో వేస్తే వడ విరిగి, విడిపోయి, నూనెంతా పిండి అవుతుంది.

కారణం గింజలోని స్టార్చి. ఇది సూక్ష్మమైన రేణువుల రూపంలో ఉంటుంది. చన్నీళ్ళలో ఎంతసేపు నానినా ఈ రేణువులు పెద్దగా మారవు. నీటి సమక్షంలో వేడి సుమారు 60 – 70 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరితే మాత్రం అవి నీటిని పీల్చుకుని ఉబ్బి, జిగురుగా మారతాయి. గంజి చిక్కబడటమూ, దోసెల పిండి పెనం మీద గట్టిపడటమూ ఇందువల్లనే. పచ్చిగా రుబ్బిన ముద్దలో ఈ మార్పు ఇంకా జరగలేదు. వేడి తగిలినప్పుడు, వడ ఆకారం వచ్చిన తరవాత, జరుగుతుంది. అప్పుడు స్టార్చి చుట్టూ ఉన్న నీటిని లాగుకుని ముక్కలను ఒకదానికొకటి అతుకుతుంది. మాంసకృత్తులు కూడా వేడికి గుడ్డు తెల్లసొనలాగా గడ్డకట్టి దీనికి తోడు పడతాయి. ఉడికిన గింజలో ఈ రెండు పనులూ ముందే అయిపోయాయి. అతకవలసిన బంక అతకవలసిన సమయానికి ముందే గట్టిపడితే ఇంకేమి అతుకుతుంది?

మెత్తగా కాటుకలా రుబ్బకూడదు అనటంలోనూ అర్థముంది. కచ్చాపచ్చా ముద్దలో పలుకుల మధ్య సన్నని సందులుంటాయి. లోపలి ఆవిరి వాటిగుండా బయటికి పోతుంది. మరీ మెత్తగా రుబ్బితే వడ గట్టిగా, పిండికట్టుగా తయారవుతుంది.

శనగపప్పు రెండు గంటల్లో నానుతుంది. తోలున్న శనగలకు 8 నుంచి 12 గంటలు కావాలి. తోలు నీటిని త్వరగా లోపలికి రానివ్వదు. నానిన గింజల బరువు ఎండు గింజల బరువుకు సుమారు రెండింతలవుతుంది. తూచి చూడండి.

ఆ నీళ్ళు పారబోయాలి

శనగలు తింటే కడుపు ఉబ్బరిస్తుందని పెద్దవాళ్ళు అంటారు. అది నిజమే. అన్ని పప్పుధాన్యాల్లోనూ రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వీటిని విడగొట్టే ఎంజైము మన జీర్ణరసాల్లో లేదు. అందుచేత ఇవి అరగకుండానే పెద్ద పేగును చేరతాయి. అక్కడ కాచుకుని ఉన్న సూక్ష్మజీవులకు ఇది విందు. అవి వీటిని పులియబెట్టి ఉదజని, బొగ్గుపులుసు వాయువు వంటి వాయువులను పుట్టిస్తాయి. కడుపు ఉబ్బరం అంటే ఇదే.

ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి. కాబట్టి నానబెట్టిన నీటిని పారబోసి, గింజలను మళ్ళీ రెండుసార్లు కడిగితే కొంత భాగం పోతుంది. మొలక వచ్చేదాకా గుడ్డలో మూటకట్టి ఉంచితే మరికొంత తగ్గుతుంది, ఎందుకంటే మొలిచే గింజ వాటిని తన ఆహారంగా వాడుకుంటుంది. తోక కనిపించీ కనిపించకుండా మొలిచిన శనగలతోనూ వడ చక్కగా వస్తుంది.

నూనెలో ఏమి జరుగుతుంది?

ఇక బజ్జీల బండి దగ్గరికి వద్దాం. కాగిన నూనె వేడి సుమారు 170 – 190 డిగ్రీలు ఉంటుంది. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే వడ నూనెలో పడగానే దాని పైపొరలోని నీరు ఆవిరై బయటికి ఉరుకుతుంది. మీరు చూసే బుడగలు నూనెవి కావు, నీటి ఆవిరివి! బుడగలు తగ్గాయంటే పైపొరలో నీరు దాదాపు అయిపోయిందని గుర్తు. వంట తెలిసినవారు ‘చప్పుడు తగ్గింది, తియ్యి’ అనటంలోని రహస్యం ఇదే.

ఆవిరి బయటికి తోసుకువస్తున్నంతసేపూ నూనె లోపలికి పోవటానికి దారి ఉండదు. మరి నూనె ఎప్పుడు దూరుతుంది? ఆశ్చర్యం ఏమిటంటే చాలా భాగం వడను బయటికి తీసిన తరవాతే దూరుతుంది. బయటికి రాగానే వడ చల్లారుతుంది. సందుల్లోని ఆవిరి తిరిగి నీరవుతుంది. ఆవిరి నీరైతే దాని ఘనపరిమాణం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది, అక్కడ పీడనం పడిపోతుంది. వడ ఒంటికి అంటుకున్న నూనెను బయటి గాలి పీడనం ఆ సందుల్లోకి నెడుతుంది. ఇంకుఫిల్లరు పిండి వదిలితే ఇంకు పీల్చుకున్నట్లే! కాబట్టి వడ తీసిన వెంటనే, వేడి మీద ఉండగానే, చిల్లుల గరిటెలో దులిపి నూనె ఒడకట్టటం మంచిది.

వార్తాపత్రిక కాగితం మీద మాత్రం ఒడకట్టవద్దు. అచ్చు సిరాలోని రంగులు, ఇతర రసాయనాలు వేడి నూనెలోకి దిగుతాయి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఈ విషయమై 2023లో కూడా వ్యాపారులను, ప్రజలను హెచ్చరించింది.

నూనెతో మరో చిక్కు ఉంది. ఒకే నూనెను రోజుల తరబడి కాస్తే అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి విచ్ఛిన్నమవుతుంది. రంగు నల్లబడుతుంది, చిక్కబడుతుంది, తొందరగా పొగ వస్తుంది. ఇలా పుట్టే ‘ధ్రువ సమ్మేళనాలు’ నూనెలో 25 శాతం మించితే ఆ నూనె వంటకు పనికిరాదని మన దేశంలో 2018 జులై 1 నుంచి నియమం అమలులో ఉంది. నూనె శత్రువు కాదు. శరీరానికి కొంత కొవ్వు తప్పనిసరి. కాని ఒక గ్రాము మాంసకృత్తులు, పిండిపదార్థాలు సుమారు 4 కెలోరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 కెలోరీలిస్తుంది. రోజూ తినే చిరుతిండి నూనె ఓడుతుంటే లెక్క ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

దిబ్బరొట్టె చెప్పే పాఠం

నూనె చేసే పని ఏమిటి? వడకు అన్ని వైపుల నుంచీ ఒకేసారి ఎక్కువ వేడిని అందించటం. ఆ పని మరోవిధంగా చెయ్యగలిగితే నూనెలో ముంచవలసిన అవసరం లేదు.

పట్టణాల్లో కొందరి ఇళ్ళలో ఉండే ఓవెన్ ఇలాంటిదే. లోపలి గాలిని 190 – 200 డిగ్రీలకు వేడిచేసి అందులో పదార్థాన్ని కాలుస్తారు. అయితే గాలి నూనెకంటే చాలా పలుచన. ఘనపు సెంటీమీటరు గాలిలో పట్టే వేడి అంతే నూనెలో పట్టే వేడితో పోలిస్తే లెక్కలోకి రాదు. అందుకే ఒకే ఉష్ణోగ్రత దగ్గర నూనెలో 4, 5 నిమిషాల్లో వేగే వడకు ఓవెన్లో 20 – 25 నిమిషాలు పడుతుంది.

ఓవెన్ లేదని దిగులు పడనక్కరలేదు. మన ముత్తవ్వలు ఓవెన్ పేరు వినకుండానే ఆ పని చేశారు. దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో అడిగి తెలుసుకోండి. మందపాటి మూకుడులో మినప రుబ్బు పోసి, సన్నని సెగ మీద పెట్టి, పైన మూత వేసి, ఆ మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింద నుంచి సెగ, పైనుంచి సెగ, మధ్యలో మూతకింద చిక్కిన వేడి ఆవిరి. ఇది ఓవెన్ కాక మరేమిటి! మందపాటి ఇనుము వేడిని నిలవ ఉంచి, ఒకచోట మాడకుండా సమంగా పంచుతుంది.

గుంత పొంగణాల పెనం ఈ పనికి మరీ అనువు. గుంత వడను కింద నుంచీ పక్కల నుంచీ పట్టుకుని ఉంటుంది కాబట్టి సగం వడకు ఒకేసారి వేడి తగులుతుంది. తిరగేస్తే మిగిలిన సగం. ఒక్కో గుంతకు నాలుగైదు చుక్కల నూనె చాలు. ఆ కొద్ది నూనె వల్ల వడకూ ఇనుముకూ మధ్య గాలి సందు లేకుండా పోయి వేడి బాగా అందుతుంది.

ఎర్రబడటం ఎందుకు?

ఇడ్లీ పాత్రలో ఎంతసేపు ఉంచినా ఇడ్లీ ఎర్రబడదు. పెనం మీది వడ ఎర్రబడుతుంది. తేడా ఎక్కడ? ఇడ్లీ చుట్టూ ఉన్నది ఆవిరి, దాని వేడి 100 డిగ్రీలు దాటదు. పెనం మీద వడ పైపొర ఎండిపోగానే దాని ఉష్ణోగ్రత ఇంకా పైకి పోతుంది. సుమారు 140 డిగ్రీలు దాటాక మాంసకృత్తులలోని ఎమినో ఆమ్లాలు, చక్కెరలు చురుగ్గా కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. బంగారు రంగు, కమ్మని వాసన వాటివే. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుమీద దీన్ని మయార్డ్ చర్య అంటారు.

పైపొర 140 దాటినా లోపల తడి ఉన్నంతవరకు 100 డిగ్రీలు మించదు. అందుకే వడ పైన కరకర, లోపల మెత్తన. దీన్నిబట్టి ఇంకొక విషయం కూడా తెలుసుకోవచ్చు. సెగ ఎక్కువ పెడితే పైపొర మాడుతుందే కాని లోపలి భాగం తొందరగా ఉడకదు. సన్నని సెగ, పలుచని వడ – ఇవే మన సూత్రాలు.

చేసే విధానం

పొయ్యి దగ్గర పని కాబట్టి పెద్దవారిని దగ్గర ఉంచుకుని చెయ్యండి.

కావలసినవి: శనగలు పావు కిలో (దేశవాళీ గాని, కాబూలీ గాని), పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు ఐదారు, పచ్చిమిరపకాయలు మూడు, కొత్తిమీర ఒక కట్ట, జీలకర్ర, ధనియాలు ఒక్కో చెంచా, బియ్యప్పిండి రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, తగినంత ఉప్పు, కాల్చటానికి నాలుగైదు చిన్న చెంచాల నూనె.

1. శనగలను మూడింతల నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఎండాకాలమైతే మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి, లేకపోతే పులిసిపోతాయి. ఉదయం నీళ్ళు పారబోసి, కడిగి, జల్లెడలో ఒడకట్టి, పొడిగుడ్డ మీద ఆరబెట్టండి. తడి ఎక్కువైతే ముద్ద జారిపోతుంది.

2. జీలకర్ర, ధనియాలు దంచుకోండి. వీటితో పాటు శనగలు, వెల్లుల్లి, మిరపకాయలు, ఉప్పు కలిపి, నీళ్ళు పోయకుండా రోట్లో గాని మిక్సీలో గాని కచ్చాపచ్చాగా రుబ్బండి. బియ్యపు నూకంత పలుకులు తగలాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి.

3. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నువ్వులు, బియ్యప్పిండి కలపండి. అరగంట మూతపెట్టి ఉంచండి. ఈలోగా పిండి ముద్దలోని తడిని పీల్చుకుని గట్టిపడుతుంది.

4. నిమ్మకాయంత ఉండలు చేసి, అర అంగుళం మందానికి మించకుండా అదమండి. వేడెక్కిన గుంతపెనంలో నూనె చుక్కలు వేసి ఉండలు పెట్టి, మూతవేసి సన్నని సెగ మీద 7, 8 నిమిషాలు ఉంచండి. తిరగేసి మరో 6, 7 నిమిషాలు, చివరి రెండు నిమిషాలు మూత తీసి, కాల్చండి. మూత ఉన్నప్పుడు చిక్కిన ఆవిరి లోపలి భాగాన్ని ఉడికిస్తుంది. మూత తీసినప్పుడు ఆవిరి పోయి పైపొర ఎండి కరకరలాడుతుంది. మామూలు దోసెల పెనమైనా పనికివస్తుంది.

5. ఒక వడను విరిచి చూడండి. నడుమ పచ్చివాసన రాకూడదు. పచ్చి గింజలో మాంసకృత్తులు అరగటానికి అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉంటాయి. పూర్తిగా ఉడికితే అవి చాలా వరకు నశిస్తాయి.

తినేసోడా వెయ్యవలసిన పని లేదు. సోడా క్షారం. క్షారంలో వేడి చేస్తే బి1 విటమిన్, అంటే థయామిన్, నశిస్తుంది.

జాగ్రత్త! అన్ని గింజలూ ఒకటి కావు

శనగలు, అలసందలు, పెసలు ఈ విధంగా పచ్చిగా రుబ్బి బాగా కాల్చుకోవచ్చు. రాజ్మా గింజలను మాత్రం పచ్చిగా రుబ్బి ఈ వడ చెయ్యకూడదు. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. సన్నని సెగ మీద కాలిస్తే అది నశించదు. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట సేపు తెర్లకాచాకే వాడాలి. ఎండు చిక్కుడు గింజలను కూడా నీళ్ళు పోసి బాగా ఉడికించే తినాలి.

ఈజిప్టువారు వాడే ఫావా గింజలతో ఇంకొక ప్రమాదముంది. కొందరికి పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అటువంటివారు ఫావా గింజలు తింటే ఎర్రకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. శనగలతో ఈ భయం లేదు.

పిండికి బదులు గింజ కొనటంలో ఇంకొక లాభం ఉంది. శనగపిండిలో కేసరి పప్పు పిండి కలిపి మోసం చేసేవారున్నారు. కేసరి పప్పు చాలాకాలం ఎక్కువగా తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుంది. పిండిలో కల్తీ కంటికి తెలియదు. చేటలో పోసి ఏరుకునే గింజలో తెలుస్తుంది.

ఎలా తింటే ఎక్కువ మేలు?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 – 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మీ తరగతిలోనే ఎంతోమంది ఉండవచ్చునన్న మాట. త్వరగా అలసిపోవటం, పాఠం మీద మనసు నిలవకపోవటం సోమరితనం కాకపోవచ్చు, రక్తం తక్కువ కావటం కావచ్చు. 100 గ్రాముల శనగల్లో 6 – 7 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. అయితే గింజల్లోని ఇనుమును మన పేగులు కొద్దిగానే గ్రహిస్తాయి. విటమిన్ సి తోడైతే ఎక్కువ గ్రహిస్తాయి. విటమిన్ సి వేడికి నశిస్తుంది కాబట్టి నిమ్మరసం వడ కాల్చిన తరవాత, తినబోయే ముందు పిండాలి. వడతో పాటు టీ తాగితే ఫలితం తలకిందులవుతుంది. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుని పేగులకు అందనివ్వవు. టీ తాగేవారు గంట ఆగి తాగాలి. రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికి వడలు మందు కావు. వారు వైద్యుని చూపించుకుని ఐరన్ మాత్రలు వాడవలసిందే.

రక్తం తయారుకావటానికి ఫోలిక్ ఆమ్లం కూడా కావాలి. శనగల్లో అది ఉంది. దీన్ని కృత్రిమంగా తయారుచేసే విధానాన్ని 1945లో లోకానికి వెల్లడించినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడి పరిశోధనలకు నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే.

వడలో బియ్యప్పిండి వేసింది అతకటానికి మాత్రమే కాదు. శనగ మాంసకృత్తుల్లో లైసిన్ అనే ఎమినో ఆమ్లం పుష్కలం, మెథియొనిన్ తక్కువ. బియ్యం, జొన్న, గోధుమల్లో లైసిన్ తక్కువ, మెథియొనిన్ మెరుగు. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. అరబ్బులు ఫలాఫెల్‌ను గోధుమ రొట్టెలో పెట్టుకున్నా, మనం వడను జొన్నరొట్టెతో తిన్నా జరిగేది ఇదే.

మిరపకాయ కాస్త ఎక్కువైందా? నీళ్ళు తాగితే మంట తగ్గదు. కారానికి మూలమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. పెరుగులోని కేసీన్ అనే మాంసకృత్తి కూడా దాన్ని పట్టి తీసుకుపోతుంది. కాబట్టి పెరుగుపచ్చడి నంజుకోండి.

మీరే చేసి చూడండి

1. ఒకే ముద్దను బరువు తూచి రెండు సమభాగాలు చెయ్యండి. ఒక భాగాన్ని నూనెలో వేయించమని అమ్మగారిని అడగండి, రెండోదాన్ని గుంతపెనం మీద కాల్చండి. వేయించటానికి ముందు మూకుడులో పోసిన నూనెను, పూర్తిగా చల్లారిన తరవాత మిగిలిన నూనెను తూచండి. పెనానికి వాడిన నూనెను కూడా తూచండి. ఒక్కో వడకు ఎన్ని గ్రాముల నూనె ఖర్చయింది? గ్రాముకు 9 కెలోరీల చొప్పున తేడా ఎంత?

2. కాల్చకముందు, కాల్చిన తరవాత పెనం మీది వడ బరువు తూచండి. తగ్గిన బరువు ఏమైపోయింది?

3. కొన్ని శనగలను నానబెట్టి, మరికొన్నింటిని ఉడకబెట్టి, విడివిడిగా రుబ్బి పెనం మీద కాల్చండి. ఏవి విరిగిపోయాయి? ఎందుకో ఈ వ్యాసంలో వెతకండి.

లెక్కలు పుస్తకంలో రాసుకుని, తరగతిలో నలుగురితో పోల్చుకోండి. అంకెలు ఇంటింటికీ మారతాయి. ఎందుకు మారాయో ఆలోచించటమే అసలైన శాస్త్రం. వడలు మాత్రం చల్లారకముందే తినండి!